200 ఎంబీపీఎస్ లైన్ ఉన్నా సీటీ స్కాన్ ఫైళ్లు హైదరాబాద్‌కు పోవడం లేదు: రౌటర్ మార్చాలా, లైన్ మార్చాలా?

నల్లగొండ_స్కానింగ్:
అందరికీ నమస్తే. నల్లగొండలో ఒక చిన్న స్కానింగ్ సెంటర్ చూసుకుంటాను. సీటీ మేము తీస్తాం, చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టు హైదరాబాద్‌లో ఉంటారు. ఫైల్ అక్కడికి చేరితేనే రిపోర్టు. ఒక్కో కేసు 500 ఎంబీ దాకా ఉంటుంది. బిజినెస్ ప్లాన్ అని చెప్పి 200 ఎంబీపీఎస్ ఇచ్చారు. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 90 పైన చూపిస్తుంది. అయినా ఫైల్ పోవడానికి ఇరవై నిమిషాలు దాటుతోంది. సాయంత్రమైతే మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి పంపాల్సి వస్తోంది. హైవే మీద యాక్సిడెంట్ అయి తలకు దెబ్బ తగిలిన మనిషిని తెస్తారు, ఇంటివాళ్లు కౌంటర్ దగ్గర ఏడుస్తూ ఉంటారు, ఇక్కడ ఫైల్ 40 శాతం దగ్గర నిలబడి ఉంటుంది. చాలా టెన్షన్‌గా ఉంది. మాకు నెట్ లైన్ ఇచ్చిన కేబుల్ ఆయన రౌటర్ మార్చమంటున్నాడు, కంప్యూటర్లు చూసే అబ్బాయి లైన్ మార్చమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పాలమూరు_వైరింగ్:
మేడమ్, మీరు చూస్తున్నది డౌన్‌లోడ్. మీ పని మొత్తం అప్‌లోడ్ మీద ఉంది. స్పీడ్ టెస్ట్‌లో రెండో అంకె ఎంత వస్తుందో చెప్పండి. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని. బైటుకు ఎనిమిది బిట్లు, కాబట్టి 500 ఎంబీ అంటే 4,000 మెగాబిట్లు. అప్‌లోడ్ 40 ఉంటే 100 సెకన్లలో పోవాలి. 3 ఉంటే 22 నిమిషాలు పడుతుంది. మీ ఫైల్ పట్టే టైం చూస్తే అప్‌లోడ్ 3 దగ్గరే ఉన్నట్టుంది.

ఇంకొకటి. 200 ప్లాన్‌లో ఎప్పుడూ 90 పైన ఆగిపోతోందంటే మీ రౌటర్ వెనక కేబుల్ పెట్టే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయి ఉంటాయి. అలాంటి పోర్టు ఎంత లాగినా 94, 95 దాటదు. 200కు డబ్బు కట్టి సగం వాడుకుంటున్నారు. కనెక్షన్‌తో ఫ్రీగా ఇచ్చిన డబ్బా అయితే ముందు దాన్ని తీసేయండి.

దేవరకొండ_కేబుల్:
డబ్బా తీసేయమనడం సులువు. పోర్టు గిగాబిట్‌దే (1000 ఎంబీపీఎస్) అయినా, మధ్యలో కేబుల్ లోపలి నాలుగు జతల వైర్లలో ఒక్క జత తెగితే లింక్ 100కు పడిపోతుంది. 100కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. చౌకగా వస్తుందని రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ లాగిస్తారు, అది పిన్ను దగ్గర విరుగుతుంది. తిట్లు మాత్రం మాలాంటి కేబుల్ ఆపరేటర్లకు. 94 అంకె ఒక్కటి చూసి డబ్బా పాడైందని ఎట్లా చెప్తారు?

పాలమూరు_వైరింగ్:
అన్నా, ఫ్రీగా ఇచ్చే డబ్బాల్లో చాలావాటికి పోర్టులు 100వే. రోజూ విప్పి చూసేవాణ్ణి. కొనేవాటిలో కూడా పైన ఏసీ1200 అని పెద్దక్షరాలతో ఉంటుంది, అది వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ 300, 5 గిగాహెర్ట్జ్ 867 కలిపి వేసిన లెక్క. వెనక పోర్టులు చూస్తే 100.

దేవరకొండ_కేబుల్:
చాలావాటికి అంటే ఆమె దగ్గర ఉన్నదానికి అని కాదు కదా. మోడల్ నంబర్ అడగండి ముందు.

జడ్చర్ల_స్టూడియో:
పెళ్లి ఆల్బమ్ ఫైళ్లు, వీడియోలు పంపేది మేమూ అప్‌లోడ్‌లోనే. అమ్మేటప్పుడు డౌన్‌లోడ్ ఒక్కటే చెప్తారు. అప్‌లోడ్ ఎంతో అడిగితే అమ్మేవాళ్లకే తెలియదు.

గద్వాల_చేనేత:
చీరలు లైవ్‌లో చూపించి అమ్ముతాం. మాకూ ఇదే బాధ. ఫాలో అవుతున్నా.

నల్లగొండ_స్కానింగ్:
మోడల్ నంబర్ రేపు చూసి చెప్తాను. పోర్టు గొడవ నాకు అర్థం కాలేదు, ఎందుకంటే సీటీ మెషీన్‌ను నడిపే కన్సోల్ పక్కన ఉన్న కంప్యూటర్‌కు కేబులే లేదు. వైఫై డాంగిల్ పెట్టాం. రౌటర్ రిసెప్షన్‌లో ఉంది. మధ్యలో స్కాన్ గది.

దేవరకొండ_కేబుల్:
ఇంకేం కావాలి! స్కాన్ గది తలుపుకు సీసం రేకు ఉంటుంది, రేడియేషన్ బయటికి రాకుండా గోడ మందంగా కడతారు. ఎక్స్‌రేనే ఆపే గది మధ్యలో నుంచి వైఫై పోవాలంటే ఎట్లా పోతుంది? ఏ కంపెనీ రౌటర్ తెచ్చినా అంతే. ఇన్ని పోస్టులు పోర్టు మీద పోయాయి.

పాలమూరు_వైరింగ్:
సీసం సంగతి నిజం. కన్సోల్ దాకా క్యాట్ 6 కేబుల్ లాగాల్సిందే మేడమ్, పూర్తి రాగిది, దాంట్లో రెండో మాట లేదు. కానీ సాయంత్రాలు మధ్యలో ఆగడం సీసం వల్ల కాదు. ఆ తలుపు పొద్దున కూడా అక్కడే ఉంటుంది. సాయంత్రం గల్లీలో అందరూ వీడియోలు పెట్టుకుంటారు. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఓఎల్‌టీ (ఆపరేటర్ దగ్గరుండే ఫైబర్ మెషీన్) పోర్టు ఒక్కదాని మీద డౌన్ 2.5 గిగాబిట్లు, అప్ 1.25 గిగాబిట్లు. దాన్ని ఫైబర్‌ను చీల్చే స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అక్కడి నుంచి పైకి ఆపరేటర్ కొనే బ్యాండ్‌విడ్త్ తక్కువైతే రాత్రి ఏడు తర్వాత అందరికీ తగ్గుతుంది. అది అన్నకు బాగా తెలుసు.

దేవరకొండ_కేబుల్:
నేను ఎంత కొంటానో మీకెలా తెలుసు? నా గ్రాఫ్ చూశారా?

మిర్యాలగూడ_మిల్లు:
నేను చెప్తాను అసలు బాధ. మాది రైస్ మిల్లు. ధర్మకాంట బిల్లు, ఈ-వే బిల్లు, బ్యాంకు పని అన్నీ నెట్ మీదే. కోతల టైంలో లారీ లోడ్ అయి నిలబడుతుంది, ఈ-వే బిల్లు లేకుండా గేటు దాటించలేం. ఆ రోజే డబ్బా మీద లైన్ పోయిందని ఎర్ర లైట్ వెలుగుతుంది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తితే 'జాయింట్ కొట్టడానికి మనిషి పోయాడు' అంటారు. లారీకి వెయిటింగ్ చార్జీ నేను కట్టాలి. పైగా 18 శాతం జీఎస్టీ అని తీసుకుని, మా నంబర్‌తో బిల్లు ఇవ్వరు. కట్టిన జీఎస్టీని మా పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ మాకు పోయినట్టే. ఇది బిజినెస్ ప్లానా?

దేవరకొండ_కేబుల్:
మిల్లు సేఠ్ గారూ, మీ ఆపరేటర్ ఎవరో నాకు తెలియదు. నా సంగతి చెప్తాను. కోతులు వైరు కొరికినా, రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ తెంపినా, వర్షంలో స్తంభం ఎక్కేది మేమే. నెల నెలా 'రేపిస్తా అన్నా' అని రెండు మూడు నెలల బాకీ పెట్టే షాపులు మా దగ్గర ఎన్నో ఉన్నాయి. లైన్ ఆపితే ఊరు ఊరంతా చెడ్డ చేస్తారు. ఆపకపోతే పైన కంపెనీకి నేను కట్టాలి. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చి ఆసుపత్రికి కావాల్సిన గ్యారంటీ అడుగుతున్నారు. ఆ గ్యారంటీ లీజ్డ్ లైన్‌కు ఉంటుంది. మీ ఒక్కరికే బ్యాండ్‌విడ్త్, పైకీ కిందికీ ఒకే స్పీడ్, ఎన్ని గంటల్లో బాగుచేయాలో ఒప్పందంలో రాసి ఉంటుంది. రేటు అడిగి చూడండి, అప్పుడు మా వెయ్యి రూపాయల విలువ తెలుస్తుంది.

పాలమూరు_వైరింగ్:
లీజ్డ్ లైన్ అంత రేటు ఎవరూ పెట్టలేరని మీకూ తెలుసు, అందుకే అట్లా అంటున్నారు. రౌటర్ మాట ఎత్తగానే మీకు కోపం ఎందుకు వస్తుందో నేను చెప్తా. డబ్బా మీ చేతిలో ఉంటే కస్టమర్ మీ చేతిలో ఉన్నట్టే. నేను ఎన్ని షాపుల్లో అడిగానో! ఓఎన్‌టీని (ఫైబర్ వచ్చి కలిసే డబ్బా) రౌటర్ పని చేయకుండా లైన్‌ను మాత్రమే దాటించే బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి, లైన్ లాగిన్‌కు వాడే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి, షాపువాడు తన సొంత రౌటర్ పెట్టుకుంటాడు అంటే ఇవ్వరు. అప్పుడు ఒక డబ్బా వెనక ఇంకో డబ్బా, రెండుసార్లు నాట్ (లోపలి ఐపీ అడ్రస్‌ను బయటి అడ్రస్‌గా మార్చడం). కెమెరాలు బయటి నుంచి కనిపించవు, వీపీఎన్ (బయటి నుంచి లోపలికి కలిపే రహస్య దారి) తెగిపోతుంది. చివరికి మా పని బాగాలేదంటారు. డబ్బు కట్టే మనిషికి తన లైన్ పాస్‌వర్డ్ తన దగ్గర ఉండొద్దా?

దేవరకొండ_కేబుల్:
ఇచ్చాను! ఇచ్చి చూశాను కాబట్టే ఇవ్వడం లేదు. మీలాంటి అబ్బాయి వచ్చి పిన్నుతో రీసెట్ నొక్కుతాడు. వీల్యాన్, యూజర్ నేమ్ లాంటి లైన్ సెట్టింగులన్నీ పోతాయి. ఆయన వెళ్లిపోతాడు. రాత్రి పదకొండుకు నాకు ఫోన్: 'నెట్ రావట్లేదు, మీ లైన్ పోయింది.' బండేసుకుని ఊరికి పోతే లైన్ బాగానే ఉంటుంది. పెట్రోల్ నాది, నిద్ర నాది. తప్పు ఎవరిదో తేల్చే మనిషి అక్కడ ఉండడు. మీరు రౌటర్ అమ్మి కమీషన్ తీసుకుని పోతారు, ఆ ఊళ్లో రేపు ముఖం చూపించాల్సింది నేను.

పాలమూరు_వైరింగ్:
కమీషన్ మాట వెనక్కి తీసుకోండి. నేను కూలి తీసుకుంటాను, సామాను కస్టమరే కొంటాడు.

వనపర్తి_నెట్‌సెంటర్:
ఇద్దరూ శాంతించండి అన్నా. మేడమ్ ప్రశ్న అక్కడే ఉంది.

నల్లగొండ_స్కానింగ్:
మీరిద్దరూ ఒకరినొకరు అనుకున్నది చదివాక ఒకటి అర్థమైంది. నేను అడగాల్సింది రౌటరా, లైనా అని కాదు. పని ఆగినప్పుడు 'ఇది నాది' అని వచ్చే మనిషి ఎవరు? మా కేబుల్ ఆయన మర్యాదస్తుడే, పిలిస్తే వస్తాడు. కానీ డబ్బా ఆయనది, పాస్‌వర్డ్ ఆయనది, లైన్ ఆయనది. అన్నీ ఆయన దగ్గర పెట్టుకున్నప్పుడు మా లోపలి తప్పు అని మమ్మల్ని పంపేయకూడదు. నా దగ్గర పేషెంట్లు ఉన్నారు.

ఇవాళ చూసిన సంగతులు ఇవి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు పెడితే అప్‌లోడ్ 38, డౌన్‌లోడ్ 94. కన్సోల్ గదిలో అప్‌లోడ్ 3. ఓఎన్‌టీ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (ఫైబర్‌లో మా దాకా వచ్చే సిగ్నల్ బలం) మైనస్ 27.2 డీబీఎం. రౌటర్ వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు అడ్రస్) 100.72తో మొదలవుతుంది.

దేవరకొండ_కేబుల్:
మైనస్ 27 చాలా బలహీనం అమ్మా. మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. మామూలుగా వాడే ఓఎన్‌టీకి హద్దే మైనస్ 27. మైనస్ 18 నుంచి 24 మధ్య ఉండాలి. సాయంత్రం ఆగడానికి ఇదే కారణం కావచ్చు. మీ కేబుల్ ఆయన్ని పిలిచి ఫైబర్ ఎక్కడైనా మెలిపడిందా చూడమనండి, కనెక్టర్ తుడవమనండి. పచ్చ పిన్ను ఉన్నచోట నీలం పిన్ను పెట్టారేమో చూడాలి, వాటి కొసలు వేర్వేరుగా చెక్కి ఉంటాయి, కలిపితే సిగ్నల్ పోతుంది. దీనికి డబ్బు అడిగితే ఇవ్వకండి. ఇది ఆపరేటర్ పని.

పాలమూరు_వైరింగ్:
ఇది మాత్రం అన్న కరెక్ట్‌గా చెప్పాడు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఐపీ అంటే సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని ఆపరేటర్ చాలామందికి పంచడం), మీ సొంత పబ్లిక్ ఐపీ కాదు. మీరు ఫైళ్లు బయటికి పంపడానికి దానితో ఇబ్బంది లేదు. డాక్టర్ గారు మీ సర్వర్‌లోకి నేరుగా రావాలంటేనే స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) తీసుకోండి.

రౌటర్ నేను ఇప్పటికీ మార్చమంటాను. వైఫై లేని, రెండు లైన్లు పట్టే గిగాబిట్ రౌటర్ తీసుకోండి. టీపీ-లింక్ ఈఆర్605 లాంటిది మీ స్థాయికి సరిపోతుంది. మైక్రోటిక్ హెక్స్ కూడా మంచిదే, కానీ సెట్టింగులు తెలిసినవాళ్లు దగ్గర్లో ఉంటేనే. వైఫై కోసం రిసెప్షన్‌లో వేరే యాక్సెస్ పాయింట్ పెట్టండి, పేషెంట్ల ఫోన్లు గెస్ట్ నెట్‌వర్క్‌లోనే ఉండాలి. కన్సోల్ కంప్యూటర్‌కు ముందు దారి ఇచ్చేలా క్యూఓఎస్ పెట్టి, అప్‌లోడ్‌ను కొలిచిన స్పీడ్‌లో 90 శాతానికి కట్టేయండి. లేకపోతే ఒక్క పెద్ద ఫైల్ పోతుంటే బిల్లింగ్ కూడా నిలబడిపోతుంది.

మిర్యాలగూడ_మిల్లు:
రెండు లైన్లు అంటే జాగ్రత్త మేడమ్. మేమూ రెండు కంపెనీలవి పెట్టుకున్నాం. రెండూ ఒకే స్తంభాల మీద వచ్చాయి. జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ పోయాయి. రెండోది సిమ్‌తో పెట్టుకోండి.

జడ్చర్ల_స్టూడియో:
ఓఎన్‌టీకి, రౌటర్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ కూడా. కరెంటు పోయి వచ్చేసరికి సగం ఫైల్ పోతుంది.

నల్లగొండ_స్కానింగ్:
కేబుల్ లాగించాం. కనెక్టర్ మార్చారు, ఇప్పుడు మైనస్ 21. పగటిపూట ఒక కేసు రెండు నిమిషాల లోపే పోతోంది. రాత్రి ఎనిమిది ప్రాంతంలో అప్‌లోడ్ ఇంకా 12కు పడుతోంది, కానీ మధ్యలో ఆగడం లేదు. 5జీ సిమ్ బ్యాకప్‌కు ఆర్డర్ పెట్టాను. బ్రిడ్జ్ మోడ్ అడిగితే కుదరదన్నారు.

పాలమూరు_వైరింగ్:
కుదరదన్నది నోటి మాటగా వదిలేయకండి. కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబర్ తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి, ఖర్చు ఉండదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు నేరుగా రాస్తే ఒక్కొక్కరి కేసు వాళ్లు చూడరు. ఇక రాత్రి అప్‌లోడ్ 12కు పడడం అంటే, నేను మొదట చెప్పిన రద్దీ అదే.

దేవరకొండ_కేబుల్:
రద్దీయో కాదో గ్రాఫ్ చూస్తే తెలుస్తుంది, ఊహించక్కర్లేదు. ఓఎల్‌టీ పోర్టు మీద రాత్రి ఎంత లోడ్ ఉందో చూపించమని మీ కేబుల్ ఆయన్ని అడగండి అమ్మా. నా దగ్గర ఏ షాపువాడు అడిగినా ఫోన్‌లో చూపిస్తాను. నిండి ఉంటే వేరే పోర్టుకు మార్చమనండి, అది గంట పని. పాస్‌వర్డ్ మాత్రం నేను ఇప్పటికీ ఇవ్వను.

పాలమూరు_వైరింగ్:
గ్రాఫ్ చూపిస్తారు, పాస్‌వర్డ్ ఇవ్వరు. రీసెట్ నొక్కి వచ్చే కాల్‌కు విజిట్ చార్జీ పెట్టుకోండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఆ భయంతో అందరి తాళం మీ దగ్గరే పెట్టుకోవడం నేను ఒప్పుకోను.

దేవరకొండ_కేబుల్:
విజిట్ చార్జీ ఇచ్చే షాపు మా వైపు ఒక్కటి చూపించండి, రేపే ఇస్తాను.