ట్రెచర్ కాలిన్స్: ముఖం చూస్తేనే తెలిసేటప్పుడు జన్యు పరీక్ష దేనికి?

శ్రవణవాణి:
ట్రెచర్ కాలిన్స్ సిండ్రోమ్ అంటే ముఖం ఎముకలు సరిగా ఎదగని, పుట్టుకతో వచ్చే జన్యు సమస్య. ఇందులో కళ్ల బయటి కొసలు కిందికి వాలి ఉంటాయి. కింది రెప్పకు బయటివైపు నొక్కు, అక్కణ్ణుంచి ముక్కు వైపు వెంట్రుకలుండవు. చెంప ఎముకలు, కింది దవడ ఎదగవు, చెవి డొప్పలు చిన్నవి. రెండు వైపులా ఇలా ఉంటే నిర్ధారణ అయినట్టే. ముందు చూడాల్సింది ఊపిరి, ఆ తర్వాత వినికిడి. జన్యు పరీక్ష రిపోర్టు కోసం వీటిని ఆపకూడదు.

జన్యులేఖ:
ఆపమని ఎవరూ అనరండీ. రక్తం తీసి పంపండి, చికిత్స సాగనివ్వండి. పరీక్ష అవసరం తల్లిదండ్రుల కోసం. దాదాపు 60 శాతం మందిలో జన్యువులోని మార్పు బిడ్డతోనే మొదలవుతుంది. కానీ తండ్రికో తల్లికో రెప్ప వెంట్రుకలు కాస్త పల్చగా ఉండి, ఎవరూ పట్టించుకోని సందర్భాలున్నాయి. అప్పుడు తర్వాతి ప్రతి కాన్పుకూ ముప్పు 50 శాతం. మార్పు పీఓఎల్‌ఆర్1సీ అనే జన్యువులో ఉంటే తల్లిదండ్రులిద్దరూ దాన్ని మోసే వాహకులై, పైకి మామూలుగానే ఉంటారు. ముప్పు 25 శాతం. "మీరిద్దరూ బాగానే ఉన్నారు, మళ్లీ రాదు" అనేది చాలా ప్రమాదకరమైన మాట. ఇద్దరి రక్తంలోనూ మార్పు లేకపోయినా, అండాల్లోనో వీర్యకణాల్లోనో దాగి ఉండొచ్చు గనక ముప్పు సున్నా కాదు.

శ్రవణవాణి:
తీవ్రత సంగతి? ఒకే ఇంట్లో అదే మార్పుతో ఒకరికి గొంతుకు రంధ్రం చేయాల్సి వస్తుంది, మరొకరికి కళ్లు కాస్త వాలి ఉంటాయంతే. రిపోర్టు అది చెప్పదు కదా.

జన్యులేఖ:
చెప్పదు, నిజమే. గర్భంలో పరీక్షించినా మార్పు ఉందో లేదో తెలుస్తుంది, ముఖం ఎలా ఉంటుందో తెలియదు. ఈ మాట దంపతులకు ముందే చెప్పాలి.

కరపరీక్ష:
ముఖమే చాలంటే నేను ఒప్పుకోను. చేతులు చూడండి. బొటనవేలు చిన్నదైనా, లేకపోయినా ముఖం ఇలాగే కనిపించే మరో సమస్య, నేగర్ సిండ్రోమ్‌ను అనుమానించాలి, దాని జన్యువు ఎస్‌ఎఫ్3బీ4. తల చుట్టుకొలత తక్కువై ఎదుగుదల వెనకబడితే ఈఎఫ్‌టీయూడీ2 జన్యువు చూడాలి. ట్రెచర్ కాలిన్స్‌లో తెలివి సాధారణంగా మామూలే. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడినే అనుమానించాలి. ప్యానెల్‌లో, అంటే ఒకేసారి పరీక్షించే జన్యువుల జాబితాలో, టీసీఓఎఫ్1, పీఓఎల్‌ఆర్1డీ, 1సీ, 1బీ ఉండాలి, డిలీషన్ల (జన్యువులో ముక్కలు పోవడం) పరీక్ష కూడా అడగాలి. సీక్వెన్సింగ్ (జన్యువు అక్షరాలను వరసగా చదవడం) ఒక్కటే చేయిస్తే పెద్ద ముక్క పోయినవి తప్పిపోతాయి.

శ్రవణవాణి:
చేతుల మాట సరైనదే, ఒప్పుకుంటున్నాను. వినికిడిలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతోంది. శబ్దానికి వినికిడి నాడి స్పందనను కొలిచే ఏబీఆర్ పరీక్షను గాలి ద్వారా మాత్రమే చేసి "చెవుడు" అని రాసి పంపేస్తున్నారు. ఎముక ద్వారా కూడా చేయాలి. లోపం ఎక్కువగా మధ్య చెవి ఎముకల్లో, చెవి నాళంలో ఉంటుంది, లోపలి చెవి చాలామందిలో బాగానే పనిచేస్తుంది. అందుకే మెత్తటి పట్టీతో ఎముక ప్రసార పరికరాన్ని మొదటి నెలల్లోనే తగిలించాలి. చెవికి ఆపరేషన్ అయ్యేదాకా ఆగుదామంటే మాటలు నేర్చుకునే ఏళ్లు గడిచిపోతాయి.