పాత డాబా అమ్మేముందు డబ్బు పెట్టాలా, గజాల లెక్కన వదిలేయాలా?

తోటపాలెం వాసి:
విజయనగరం తోటపాలెంలో నాన్నగారు 1998లో కట్టించిన డాబా. 180 గజాల స్థలం, 1,100 అడుగుల స్లాబు. అమ్మేద్దామనుకుంటున్నాం. బ్రోకరేమో "ఇంటికి ఎవడూ పైసా ఇవ్వడు, గజం రేటు మాట్లాడుకోండి" అంటున్నాడు. మా బావగారు మాత్రం ఆరు లక్షలు పెట్టి టైల్సు, మాడ్యులర్ కిచెన్, రంగులు వేయిస్తే పదిహేను లక్షలు ఎక్కువొస్తుందని పట్టుబట్టి కూర్చున్నారు. ఏటంటారు?

గజాల లెక్క:
బ్రోకరు చెప్పిందే కరెక్ట్. ఊరి మధ్యలో 180 గజాలు కొనేవాడు నేల కోసం కొంటాడు. కింద షాపులు, పైన అద్దె వాటాలు వేసుకుంటాడు. మీ కొత్త టైల్స్ మీదికి జేసీబీ ఎక్కిస్తాడు, పడగొట్టే ఖర్చు కూడా మీ రేట్లోంచే తగ్గించి అడుగుతాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు మాట వచ్చాక పెరిగింది నేల రేటే, మీ గోడల రేటు కాదు. తలుపులకీ చువ్వలకీ పాత సామాను వాళ్లు ఎంతో కొంత ఇస్తారు, ఇంటి విలువంటే అదే.

సిక్కోలు సివిల్:
అంత తేలిగ్గా తీసిపారేయకండి సార్. బ్యాంకు వాల్యుయేషన్‌లో నేల వేరు, కట్టడం వేరు. స్లాబు ఇంటికి మామూలుగా 60 ఏళ్ల ఆయుష్షు, చివర్లో 10 శాతం విలువ మిగులుతుందని అనుకుంటారు. అంటే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు, 28 ఏళ్లకి 42 శాతం. ఇవాళ అదే ఇల్లు కట్టడానికి అడుగుకి 1,800 వేసుకున్నా 19.8 లక్షలు. తరుగు పోను పదకొండున్నర లక్షలు ఉంటుంది. లోను పెట్టి కొనేవాడికి ఆ మేరకు అప్పు ఎక్కువ పుడుతుంది, అది ఉత్త కాగితం లెక్క కాదు.

ఆ ఆరు లక్షలు ఎక్కడ పెడతారన్నదే అసలు పేచీ. సన్‌షేడు కింద గట్టిగా గీకి చూడండి. పెచ్చు ఊడి తుప్పు చువ్వ బయటపడితే కొనేవాడు కూడా అదే చూస్తాడు, కిచెన్ దాకా రాడు. ఇంకోటి, రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు కదా, మీ గుమ్మం ఇప్పుడు రోడ్డు కంటే పల్లంలో ఉందా? ఉంటే మాత్రం టైల్స్ మీద పెట్టేది వానాకాలం మురుగులో పోసినట్టే.

పలాస కుర్రోడు:
సివిల్ అన్న సెప్పింది నిజమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన్నాటి నుంచి మా వైపు ఇల్లు సూడ్డానికొచ్చినోలు ముందు డాబా ఎక్కుతున్నారు. రేకుల షెడ్డుంటే అది లెక్కలోకే రాదు.

కోట జంక్షన్:
అందరూ సిమెంటు గురించే. ఈశాన్యంలో మెట్లున్నాయేమో అడిగారా ఎవరైనా? మా వీధిలో బంగారంలాంటి ఇల్లు ఆ ఒక్క కారణంతో బేరం కుదరక అలా ఉండిపోయింది.

సిక్కోలు సివిల్:
శాస్త్రం సంగతి నాకొదిలేయండి గానీ, బేరంలో అది తగ్గించే మాట నిజం. మెట్లు మార్చడం కిచెన్ కంటే చవకే.

తోటపాలెం వాసి:
మెట్లు దక్షిణంలోనే. పైన ఒక గది ఉంది, ప్లానులో లేదు. బావగారు దానికి బాత్రూం కూడా కట్టిద్దామంటున్నారు.

సిక్కోలు సివిల్:
వద్దు. ప్లానులో లేని గదికి బ్యాంకు లెక్క కట్టదు. దానిమీద రూపాయి పెట్టినా పోయినట్టే.

ఆడిట్ ఆఫీసు:
ఏ పని చేయించినా బిల్లు తీసుకోండి. గట్టి నిర్మాణపు ఖర్చు, ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లెక్కలో తీసేసుకోవచ్చు. రంగులూ చిల్లర రిపేర్లూ అందులోకి రావు. మీది పాత ఆస్తి గనక అప్పటి ఖర్చుకి బదులు 1-4-2001 నాటి విలువ పట్టుకోవచ్చు. 2024 జూలై 23కి ముందే మీ చేతికొచ్చిన ఆస్తి కాబట్టి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు పాత ఖర్చును పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, ఉంటే 20 శాతం, రెంటిలో ఏ పన్ను తక్కువైతే అది కట్టుకోండి.

గజాల లెక్క:
ఇన్ని లెక్కలెందుకు? ఇప్పటిదాకా చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం చూశారో చెప్పండి చాలు.

తోటపాలెం వాసి:
ముగ్గురొచ్చారు. ఇద్దరు గుమ్మం కూడా దాటలేదు, టేపు పట్టుకుని ప్రహరీ కొలుచుకుపోయారు. మూడో ఆయన భార్యతో వచ్చి, వంటగది గోడకి చెమ్మ చూసి ఆగిపోయారు.

గజాల లెక్క:
మరింకేటి! ఇద్దరి మాట ఒకటే కదా.

సిక్కోలు సివిల్:
మూడో ఆయన నంబరు పారేయకండి. ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి, పైపు మార్పించి, గోడ ఆరాక మళ్లీ పిలవండి. ఆరు లక్షల్లో పదో వంతు కూడా అవ్వదు.