67 బీటిల్‌కి పాత సౌత్ విండ్ పెట్రోల్ హీటర్ బిగించొచ్చా?

బీటిల్ పిచ్చోడు (మినియాపొలిస్):

అందరికీ నమస్కారం. నా దగ్గర 1967 ఫోక్స్‌వాగన్ బీటిల్ ఉంది. 1500 సీసీ ఇంజన్, 12 వోల్టుల బండి. నడక బాగానే ఉంది కానీ లోపల కూర్చుంటే చలికి వణికి చస్తున్నాను. హ్యాండ్‌బ్రేక్ పక్కనున్న లివర్లు రెండూ పూర్తిగా లాగినా కాళ్ల దగ్గరికి గోరువెచ్చటి గాలి కూడా రాదు. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో అద్దం తుడిచే గుడ్డ.

మొన్న పాత సామాన్ల సంతలో స్టువర్ట్-వార్నర్ వాళ్ల సౌత్ విండ్ హీటర్ దొరికింది. ప్లేటు మీద మోడల్ 978 అని, 12 వోల్ట్స్ అని ఉంది. పైన కొత్తగా వెండి రంగు కొట్టారు. అమ్మిన పెద్దాయన బ్యాటరీ తగిలించి ఫ్యాన్ తిప్పి చూపించాడు గానీ మంట వెలిగించలేదు. దీన్ని ముందు డిక్కీలోనే, పెట్రోల్ ట్యాంకుకి దగ్గరగా బిగించాలట. "ట్యాంకు పక్కన పొయ్యి పెడతావా?" అని మా ఆవిడ ఒకటే గొడవ.

ఉప్పు చల్లిన రోడ్ల మీదికి బండి తీయను. నవంబర్‌లో పొడి రోజులు, మళ్లీ ఏప్రిల్, అంతే. ఇంట్లో గ్యారేజీలో చేసుకునే పనేనా ఇది? మొదట ఏం చూసుకోవాలి?

రాజమండ్రి రైడర్ (న్యూజెర్సీ):

బ్రో, మనూళ్లో అంబాసిడర్ ఎక్కితే వద్దన్నా కాళ్లు కాలేవి, నువ్వేమో హీటర్ కోసం ఏడుస్తున్నావ్. ఆ పాతది పక్కన పడేసి చవగ్గా దొరికే చైనా డీజిల్ హీటర్ పెట్టుకో. వేన్లలో ఉండేవాళ్లంతా అవే వాడుతున్నారు.

రెంచి పట్టినోడు (విచిటా, కాన్సస్):

తమ్ముడూ, మీ ఆవిడ అడిగిన దాంట్లో తప్పేం లేదు. అయితే 1973లో అమెరికాలో అమ్మిన "థింగ్" అనే కారుకి ఫోక్స్‌వాగన్ కంపెనీయే ముందు భాగంలో పెట్రోల్ హీటర్ బిగించి ఇచ్చింది. చోటు చూసి హడలిపోనక్కర్లేదు. పెట్టే వస్తువు మంచిదా కాదా అన్నదే చూడాలి.

నేను చిన్న విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. బీచ్ బారన్ లాంటి రెండింజన్ల విమానాల్లో ఇంజన్లు రెక్కల మీద ఉంటాయి కాబట్టి వాటి వేడి క్యాబిన్‌లోకి తేవడం కష్టం. అందుకే ముక్కులో పెట్రోల్ హీటర్ పెడతారు. లోపల ఒక లోహపు గొట్టం, అందులో మంట. ఆ గొట్టం బయటి గోడ మీదుగా ఇంకో గాలి పోతుంది, అదే మనకొచ్చే వేడిగాలి. పొగకీ మనం పీల్చే గాలికీ మధ్య ఉన్నది ఆ పల్చటి రేకు ఒక్కటే. కొన్నేళ్లు కాలి, చల్లారి, కాలి, చల్లారి అది పగులుతుంది. పగులు అతుకుల దగ్గర వెంట్రుకవాసి ఉంటే కంటికి కనపడదు. ఫ్యాన్ తిరుగుతోందంటే మోటారు బాగుందని మాత్రమే అర్థం. కొత్త పెయింట్ చూస్తే నాకైతే అనుమానం పెరుగుతుంది.

కాబట్టి బ్రాకెట్లు, వైరింగ్ అన్నీ తర్వాత. మొదట ప్రెజర్ టెస్ట్. విమానాల్లో వాడే జానిట్రాల్ కంపెనీ హీటర్లకి ఈ పరీక్ష చేయాలని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఆదేశమే ఉంది. మంట గొట్టానికి గాలి వచ్చే దారి, పొగ పోయే దారి, పెట్రోల్ దారి, డ్రెయిన్, ప్లగ్ కన్నం అన్నీ బిరడాలతో మూసేయ్. ఒక దాంట్లోంచి చేతిపంపుతో కొద్దిగా గాలి కొట్టు. గేజి ముల్లు చూస్తూ సబ్బునీళ్లు రాయి. సైకిల్ ట్యూబు పంచర్ వెతికినట్టే. షాపు కంప్రెసర్ మాత్రం తగిలించకు, ఆ ఒత్తిడికి మంచి గొట్టం కూడా పాడవుతుంది. విప్పేటప్పుడు పాత గాస్కెట్లు, చుట్టిన నార కనిపిస్తే ఆస్బెస్టాస్ అనే అనుకో. గీకకు, తడిపి తియ్యి, మాస్క్ పెట్టుకో.

అది పాసైతే మిగతావి చెప్తాను. మంటకి కావాల్సిన గాలి బండి కింద నుంచి రావాలి, డిక్కీలోంచి కాదు. అక్కడ ట్యాంకు ఆవిరి ఉంటుంది. హీటర్ పొగ పోయే గొట్టం లోహానిది, బాడీ అంచు దాటి బయటికి పోవాలి. నేల రేకు కిందే వదిలేస్తే ఆ పొగంతా తుప్పు కన్నాల్లోంచి లోపలికే వస్తుంది. డ్రెయిన్ గొట్టం మూసుకుపోకుండా కిందికి దిగాలి. మండని పెట్రోల్ పోయే దారి అదే. రెండుసార్లు స్విచ్చి వేసినా అంటుకోకపోతే మూడోసారి వేయొద్దు. లోపల చేరిన పెట్రోల్ ఒక్కసారిగా అంటుకుంటే ధబీమని పేలుతుంది. పెట్రోల్ గొట్టం ఇథనాల్ తట్టుకునే కొత్త రబ్బరుది వెయ్యి. దాని మీద ఎస్‌ఏఈ జే30ఆర్9 అని అచ్చు వేసి ఉండాలి. హీటర్ ఆపాక ఫ్యాన్ కాసేపు దానంతటదే తిరిగి చల్లారుస్తుంది, ఆ టైంలో బ్యాటరీ కరెంటు తీసేయకూడదు. నీ బండి డైనమో 30 ఆంపియర్లది. ట్రాఫిక్‌లో ఐడిల్ మీదుంటే ఛార్జింగ్ నామమాత్రం. హెడ్‌లైట్లు, వైపర్, హీటర్ అన్నీ వేసుకుని కూర్చుంటే బ్యాటరీ దిగిపోతుంది.

న్యూజెర్సీ తమ్ముడికి: డీజిల్ హీటర్ తేలికే, కానీ బీటిల్‌లో దానికి వేరే ట్యాంకు పెట్టాలి. అందులో పెట్రోల్ పోస్తే అంతే సంగతులు. పెట్రోల్‌తో నడిచే కొత్త హీటర్లు ఎబర్‌స్పేకర్, వెబాస్టో ఇప్పటికీ చేస్తున్నాయి. ఖరీదెక్కువే, నేనైతే అవే కొంటాను. పాతదే ముచ్చట అనుకుంటే ఒక మాట. 30ల్లో వచ్చిన మొదటి సౌత్ విండ్‌లు కార్బ్యురేటర్ నుంచి పెట్రోల్ లాక్కుని, పొగని ఇంజన్ మానిఫోల్డ్‌లోకే పంపేవి. 90 సెకన్లలో వేడి అని ప్రకటనలు వేసేవారు. అలాంటివి ఎవరైనా అంటగడితే బీటిల్‌కి వద్దు.

ఇంకోటి, అసలు హీటర్ ఎందుకు చచ్చిందో చూశావా? బీటిల్‌లో వెనకున్న ఇంజన్ దగ్గరి వేడిగాలి తలుపు గడపల కిందున్న పెట్టెల్లోంచి ముందుకి రావాలి. అవి తుప్పు పట్టి ఉంటే గాలి రోడ్డు పాలు. బండి బాడీకి బలమిచ్చి నిలబెట్టేదీ అవే.

ఖార్కివ్ డాక్టర్ (ఒహాయో):

నేను ఎంబీబీఎస్ ఉక్రెయిన్‌లో చదివాను. అక్కడి పాత జాపరోజెట్స్ కారు కూడా వెనక ఇంజన్, ఎయిర్ కూల్డ్, ముందు పెట్రోల్ హీటర్. మా హాస్టల్ వాచ్‌మన్ తాత దగ్గర ఒకటుండేది. హీటర్ వేస్తే కిటికీ రెండు వేళ్లు దించి ఉంచేవాడు. మైనస్‌లో కిటికీ ఎందుకయ్యా అని నవ్వుకునేవాళ్లం.

అన్నగారు చెప్పిన పగులు గురించి నా వైపు నుంచి. అందులోంచి వచ్చే పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు... ఫ్లూ అనుకుంటారు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చూసుకుని 98 ఉంది కదా అని ధైర్యపడొద్దు, హీమోగ్లోబిన్ పట్టుకున్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అన్న తేడా మామూలు ఆక్సీమీటర్‌కి తెలియదు. ఇంట్లో గోడకి పెట్టే అలారం తెచ్చి కార్లో పడేసినా లాభం లేదు. గాలిలో ఆ వాయువు 70 పీపీఎం (పది లక్షల్లో 70 వంతులు) ఉన్నప్పుడు అది మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు, ప్రమాణమే అలా ఉంది. తక్కువ పీపీఎం కూడా అంకెల్లో చూపించే మీటరు కొనండి, చిన్న విమానాల పైలట్లు వాడేలాంటిది.

బీటిల్ పిచ్చోడు:

అన్నా, టెస్ట్ చేశాను. ముల్లు నిలవలేదు, చూస్తుండగానే సున్నాకి వచ్చింది. పొగ గొట్టం అతికిన చోట సన్నగా బుడగలు. పెయింట్ గీకితే కింద నల్లటి మసి చార కనిపించింది. దీన్ని వెల్డింగ్ చేయించొచ్చా? మా పక్కింటాయనకి టిగ్ వెల్డింగ్ మెషీన్ ఉంది. గడప పెట్టెలు కూడా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశా, ఎడమ వైపుది దిగిపోయింది.

రెంచి పట్టినోడు:

వెల్డింగ్ వద్దు. మసి చార ఉందంటే అది పగిలి చాలా కాలమైంది, చుట్టుపక్కల రేకు కూడా కాలి పల్చబడి ఉంటుంది. ఒకచోట అతికితే పక్కన చీలుతుంది. మేం విమానంలో అయితే ఆ గొట్టం తీసేసి వేరేది వేస్తాం, అతుకుల మాటే లేదు. మోటారు, ఫ్యాన్, స్విచ్చిలు బాగుంటే విప్పి డబ్బాలో దాచు, 978 సామాన్లు వెతుక్కునేవాళ్లు ఉంటారు. పగిలిన గొట్టాన్ని మాత్రం ఎవరికీ అమ్మకు, సుత్తితో నలిపి స్క్రాప్‌లో వెయ్యి. ఇంకొకటి కొనేటప్పుడు బిరడాలు, చేతిపంపు పట్టుకెళ్లు. అక్కడే టెస్ట్ చేయనివ్వకపోతే డబ్బులు తియ్యకు.

ఈ చలికాలం ఎడమ గడప పని పెట్టుకో. తలుపులు బిగించి ఉండగానే కొలతలు తీసుకుని, లోపల అడ్డకడ్డీలు వెల్డ్ చేశాకే పాతది కొయ్యి. లేకపోతే బాడీ వంగి తలుపులు పడవు. మీ పక్కింటాయన టిగ్ మెషీన్ ఆ కడ్డీలకి పనికొస్తుంది.