మే నెలాఖర్లో ఒంటరిగా బారాలాచా లా దాటొచ్చా?

ప్రశ్న: మనాలి నుంచి లేహ్‌కి బైక్ మీద ఒక్కడినే వెళ్దామనుకుంటున్నా. దారిలో వచ్చే బారాలాచా లా కనుమ దగ్గర రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలుంటాయట, మామూలు టైర్లతో దాటగలనా అన్నా?

జవాబు: గోడలతో ఏం కాదు. పగలు కరిగిన నీళ్లు రాత్రికి రోడ్డు మీదే గడ్డకడతాయి, తెల్లారి చూస్తే అది మంచని తెలియనే తెలియదు, అక్కడ ముందు చక్రం బ్రేక్ పట్టావా, పడ్డట్టే. అలాగని లేటుగా బయల్దేరితే మధ్యాహ్నానికి వాగులు పెరుగుతాయి.

ఇంకో జవాబు: కనుమ ఎత్తు దాదాపు 4,890 మీటర్లు తమ్ముడూ. దారిలో టాండీలో ట్యాంక్ నింపుకో, కనుమకి ముందు వచ్చే జిస్పా ఊళ్లో ఎత్తు అలవాటయ్యేలా రెండు రాత్రులు ఆగు. తలనొప్పితో పాటు వాంతులైతే కనుమ దాటాక వచ్చే సర్చూలో పడుకోకు, అదీ ఎత్తే, వెనక్కి దిగిపో.

ప్రశ్న అడిగినవారు: ఫోన్?

జవాబు: లద్దాఖ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. అందుకే జిస్పాలో ఏదైనా బైకర్ల గుంపుతో కలువు.