చెల్లికి ముంచంగిపుట్టు వైపు టీచర్ పోస్టింగ్ వచ్చింది, ఏవోబీలో (ఆంధ్రా ఒడిశా బోర్డర్‌లో) ఇప్పుడు పరిస్థితి ఎలా ఉంది?

గోపాలపట్నం_అబ్బాయి:
అందరికీ నమస్తే అండి. మా చెల్లికి మెగా డీఎస్సీలో ఎస్జీటీ వచ్చింది, పోస్టింగ్ ముంచంగిపుట్టు మండలంలో ఒడిశా బోర్డర్ పక్కన చిన్న ఊరు, బస్సు దిగాక ఇంకా లోపలికి వెళ్ళాలంట. ఉద్యోగం వచ్చిందని ఇల్లంతా సంతోషంగా ఉన్నాం, ఊరి పేరు చెప్పగానే అమ్మ వద్దంటే వద్దు అని కూర్చుంది. నాన్నదీ అదే మాట. 2018 సెప్టెంబర్‌లో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు పట్టపగలు బండ్లు ఆపి దింపి కాల్చేశారు కదా, గన్‌మెన్ ఉన్న ఎమ్మెల్యేకే దిక్కు లేకపోతే ఆడపిల్లకి ఎవడు దిక్కు అంటున్నారు. ఇప్పుడు అంతా మారిపోయింది నాన్నా, 2025 నవంబర్‌లో మారేడుమిల్లి అడవిలో మావోయిస్టుల పెద్ద నాయకుడు హిడ్మానే ఎన్‌కౌంటర్‌లో పోయాడు, ఇంకెవరున్నారు అని నేను అంటున్నాను గానీ నాకు తెలిసింది కూడా పేపర్లో చదివిందే, అరకు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ బోర్డర్ ఊళ్ళు తెలిసినవాళ్ళు చెప్పండి, నిజంగానే గొడవలు తగ్గాయా? మళ్ళీ మొదలయ్యే ఛాన్స్ ఉందా? చెల్లి మాత్రం వెళ్తాననే అంటోంది.

మత్స్యగెడ్డ:
మాది పెదబయలు మండలం బ్రదర్, ఇప్పుడు మద్దిలపాలెంలో ఉంటున్నాను, అమ్మానాన్నలు ఊళ్ళోనే. ముందు నీ ప్రశ్నకి జవాబు, పంపించు. నా చిన్నప్పుడు గొడవలు బాగా ఉన్న రోజుల్లో కూడా మా బడికి వచ్చే మాస్టార్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన రాకపోతేనే మాకు బాధ. భయం అంతా ఊరివాళ్ళకి ఉండేది, ఆ సంగతి కిందున్న వైజాగ్‌లో ఎవరికీ అర్థం కాదు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా ఏమీ అనుకోకు.

రాత్రి పూట అన్నలు (మావోయిస్టులు) వచ్చేవారు, పదిమందికి వండిపెట్టమనేవారు. భుజాన తుపాకీ ఉన్నోళ్ళకి వండం అని ఎలా చెప్తాం? వండితే తెల్లారేసరికి పోలీసులకి తెలిసిపోయేది, ఎవరు పెట్టారు, ఎటు వెళ్ళారు అని మగోళ్ళని స్టేషన్‌కి తీసుకెళ్ళేవారు. అక్కడ రెండు రోజులు ఉండి ఇంటికొచ్చినోడిని మళ్ళీ అన్నలు అనుమానంగా చూసేవారు, ఏం చెప్పి బయటపడ్డావు అని. సంత రోజు మా నాన్న పాతిక కేజీల బియ్యం బస్తా మోసుకొస్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపి మీ ఇంట్లో ఎంతమంది, ఇన్ని బియ్యం ఎవరికి అని అడిగారు, బస్తా విప్పి బియ్యంలో చెయ్యి పెట్టి కెలికారు. మాకు పెళ్ళి ఉందని చెప్పినా నమ్మలేదు, ఊరి పెద్ద వచ్చి చెప్పాకే వదిలారు. అప్పుడు నేను నాన్న పక్కనే ఉన్నాను, ఆయన ఒక్క మాట మాట్లాడకుండా కింద పడిన గింజలు ఏరుకున్నాడు.

చంపేసి, పోలీసు ఇన్ఫార్మర్ అని రాసిన కాగితం శవం పక్కన పెట్టి వెళ్ళిపోయేవారు చూడు, ఆ పోయినవాళ్ళందరూ మా ఆదివాసీలే. 2020 ఆగస్టులో మా మండలంలోనే పశువుల కోసం అడవిలోకి వెళ్ళిన ఇద్దరు మందుపాతర పేలి చచ్చిపోయారు, ఆ మందుపాతర పెట్టింది పోలీసుల కోసమంట. జనం కోసం పోరాటం అంటారు కదా, ఆ ఇద్దరికీ ఏం సమాధానం చెప్తారు? 2014లో చింతపల్లి వైపు వీరవరంలో ఊరివాళ్ళే మావోయిస్టుల మీద రాళ్ళతో తిరగబడ్డారు, అంతవరకూ వచ్చిందంటే లోపల ఎంత కోపం ఉండాలి. నా మాట అడిగితే ఏవోబీలో మావోయిస్టు పార్టీ పోవడం ఆ కోపంతోనే మొదలైంది, ఎన్‌కౌంటర్లు తర్వాత.

హెచ్‌బీ_కాలనీ:
మత్స్యగెడ్డ గారు చెప్పింది నిజం, కానీ ఫోర్స్ పాత్రని తక్కువ చెయ్యొద్దండి. మా నాన్నగారు పోలీస్ డిపార్ట్‌మెంట్‌లోనే చేసి రిటైర్ అయ్యారు. 2008 జూన్ 29న బలిమెల రిజర్వాయర్‌లో లాంచీ మీద వెళ్తున్న గ్రేహౌండ్స్ (మావోయిస్టుల మీదకి వెళ్ళే స్పెషల్ పోలీసులు) వాళ్ళని ఒడ్డునున్న కొండల మీంచి కాల్చి లాంచీ ముంచేశారు, 38 మంది పోయారు. ఎక్కువమంది కుర్రాళ్ళే. నాన్నగారితో పనిచేసినవాళ్ళు ఉన్నారు అందులో, ఆ వారమంతా మా ఇంట్లో టీవీ పెట్టలేదు.

ఆ ఏరియా ఎందుకు అంత గట్టిగా వాళ్ళ చేతిలో ఉండిపోయిందో కూడా చెప్పాలి. బలిమెల డ్యామ్ కట్టాక మల్కన్‌గిరి జిల్లాలో 151 ఊళ్ళు మూడు వైపులా నీళ్ళు, మిగతా వైపు మన ఏపీ కొండలు, మధ్యలో ఇరుక్కుపోయాయి. కటాఫ్ ఏరియా అనేవారు. ఆసుపత్రికి వెళ్ళాలన్నా లాంచీ రావాలి. డ్యామ్ కరెంటు రెండు రాష్ట్రాలకీ వెళ్ళింది, ఆ ఊళ్ళకి మాత్రం దారి కూడా మిగల్లేదు. అలాంటి చోటికి పోలీసు వెళ్ళలేడు, డాక్టరూ వెళ్ళడు, మరి వచ్చేది ఎవరు? 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని కిడ్నాప్ చేసింది కూడా ఆ వైపే, ఆయన అక్కడి పనులు చూడ్డానికి వెళ్ళి దొరికిపోయారు.

2016 అక్టోబర్‌లో రామగూడ ఎన్‌కౌంటర్‌తో ఏవోబీ కమిటీ నడుం విరిగిందని అంటారు, ఇక్కడి మావోయిస్టు నాయకుడు ఆర్కే కొడుకు మున్నా కూడా అందులోనే పోయాడు. కానీ నా లెక్కలో రామగూడ కంటే పెద్ద దెబ్బ గురుప్రియ వంతెన. 1982లో శంకుస్థాపన చేస్తే 2018 జులైకి పూర్తయింది, 910 మీటర్లు. దాని మీద బస్సు వెళ్ళింది, వెనకాలే బీఎస్ఎఫ్ క్యాంపులు, సెల్ టవర్లు, రేషన్ వెళ్ళాయి. 2021లో ఆర్కే ఛత్తీస్‌గఢ్ అడవిలో కిడ్నీ జబ్బుతో పోయేనాటికే ఇటువైపు కేడర్ పల్చబడిపోయింది. కిడారి కేసులో పోలీసులు పేరు చెప్పిన అరుణ, ఆమెది మన పెందుర్తి వైపు ఊరే, 2025 జూన్‌లో రంపచోడవరం ఏరియాలో ఇంకో నాయకుడు గాజర్ల రవితో పాటు ఎన్‌కౌంటర్‌లో పోయింది. అదే ఏడాది మేలో పార్టీ జనరల్ సెక్రటరీ నంబాల కేశవరావు, ఆయన శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేట మనిషి, అబూజ్‌మడ్‌లో పోయాడు. నవంబర్‌లో హిడ్మా మన అల్లూరి జిల్లాలోకి వచ్చి పోయాడంటే ఛత్తీస్‌గఢ్‌లో నిలబడే చోటు దొరక్కే కదా. మీ నాన్నగారికి ఇది చెప్పండి, 2018కీ ఇప్పటికీ పోలికే లేదు.

కొండగాలి:
ఈ థ్రెడ్‌లో ఎవరూ వాకపల్లి పేరు ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో కూంబింగ్‌కి వచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్ళు చెప్పారు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ విచారణ మొదలు కాలేదు, 2023 ఏప్రిల్‌లో మన విశాఖ కోర్టులోనే తీర్పు వచ్చింది, దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదు కాబట్టి నిందితులు నిర్దోషులు, బాధితులకి మాత్రం పరిహారం ఇవ్వండి అని. పదహారేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన ఆ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి శాంతి వచ్చేసింది అని చెప్పగలమా?

నేను తుపాకీ పట్టినవాళ్ళని వెనకేసుకు రావట్లేదు, కిడారి గారినీ సోమ గారినీ చంపడం ముమ్మాటికీ హత్యే, వాళ్ళూ ఆదివాసీలే. కానీ 2015లో బాక్సైట్ తవ్వకాలకి అనుమతిస్తూ జీవో 97 ఇచ్చినప్పుడు చింతపల్లి, జెర్రెల ఏరియాలో ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి, వాళ్ళెవరూ మావోయిస్టులు కాదు. 1997 సమత తీర్పులో షెడ్యూల్డ్ ఏరియా భూములు గిరిజనేతరులకి, ప్రైవేట్ మైనింగ్ కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పాక కూడా ఏదో దారిలో తవ్వుదామనే చూశారు. చివరికి 2019లో ఆ అనుమతులు రద్దు చేశారు. అడిగిన ప్రతివాడినీ అన్నల మనిషి అని ముద్ర వేసే అలవాటు పోనంతవరకూ హిడ్మా పోయాడు కాబట్టి అయిపోయింది అనుకోవడం తొందరపాటు.

హెచ్‌బీ_కాలనీ:
కొండగాలి గారూ, వాకపల్లి విషయంలో మీతో వాదించను, తప్పు చేసినవాడిని కాపాడితే డిపార్ట్‌మెంట్‌కే మచ్చ, మా నాన్నగారిదీ అదే మాట. కానీ గోపాలపట్నం అబ్బాయి అడిగింది చెల్లి వెళ్ళొచ్చా లేదా అని, దానికి జవాబు వెళ్ళొచ్చనే.

పాడేరు_ఘాట్:
నేను ఏజెన్సీలోనే టీచర్‌ని, మాది అనకాపల్లి. ఇంట్లోవాళ్ళ భయం నాకు తెలుసు, మా అమ్మ కూడా అలాగే ఏడ్చింది. ఇక్కడికి వచ్చాక నన్ను ఇబ్బంది పెట్టినవి రోడ్డు, సిగ్నల్, జ్వరాలు. దోమతెర కచ్చితంగా తీసుకెళ్ళమనండి, వర్షాకాలంలో జ్వరం వస్తే మామూలుదే అని వదిలేయకుండా వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి, మలేరియా ఇక్కడ ప్రాణాల మీదకి తెస్తుంది. గెడ్డ (వాగు) పొంగితే అవతలి ఊరికి వెళ్ళడం కుదరదు. నిండు గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్ళు ఉన్నాయి, ఒకసారి మా స్కూల్ పిల్లాడి వాళ్ళమ్మని అలా తెస్తుంటే పిల్లాడు వెనకాల చెప్పులు లేకుండా పరిగెడుతున్నాడు, ఆ రోజు నాకు పాఠం చెప్పబుద్ధి కాలేదు. రోడ్డు వేస్తే మావోయిస్టులు తగ్గారని అందరూ అంటున్నారు, మరి రోడ్డు ఆ బిడ్డ తల్లి కోసం ఎందుకు వేయలేదు మొదట్లోనే అని నాకు చాలా కోపం వస్తుంది.

జులై 28 నుంచి మావోయిస్టుల అమరుల వారం, డిసెంబర్ 2 నుంచి పీఎల్‌జీఏ (వాళ్ళ సాయుధ దళం) వారం, ఆ రోజుల్లో లోపలి ఊళ్ళకి నైట్ హాల్ట్ బస్సులు ఆపేసేవారు, తనిఖీలు ఎక్కువ ఉండేవి. ఆధార్, స్కూల్ ఐడీ దగ్గర పెట్టుకుంటే చాలు.

ఇంకో ముఖ్యమైనది భాష. ముంచంగిపుట్టు వైపు చాలా ఊళ్ళలో పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడతారు, కొన్ని చోట్ల కువి. ఒకటో తరగతి పిల్లలకి మన తెలుగు అర్థం కాక బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు, వాళ్ళకి చదువు రాదని మాత్రం అనుకోవద్దని చెప్పండి.

గోపాలపట్నం_అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బియ్యం బస్తా సంగతి చదివి నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్ళి ఊరు చూసొచ్చాక చెప్తానన్నారు. ఇంకొక్కటి అడగాలి, అక్కడివాళ్ళు బయటినుంచి వచ్చిన టీచర్‌ని ఎలా చూస్తారు?

మత్స్యగెడ్డ:
బాగా చూస్తారు బ్రదర్, ఆ డౌట్ పెట్టుకోకు. కానీ ఒక సంగతి మీ చెల్లికి తెలిసి ఉండాలి. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మా వైపు డీఈడీ, బీఈడీ చేసి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, మొన్న డీఎస్సీ టైంలో దీనికోసమే మన్యం బంద్ చేశారు. అందుకని ఎవరైనా ఒక మాట మనసు నొచ్చుకుని అంటే అది మీ చెల్లి మీద కోపం కాదు, సర్కారు మీద. నన్ను అడిగితే వాళ్ళ డిమాండ్ న్యాయమైందే, అడవిలో క్యాంపులు పెట్టడానికి చూపించిన తొందర ఇక్కడి పిల్లలకి ఉద్యోగాలు ఇవ్వడంలో చూపిస్తే సగం గొడవ ఉండదు. చట్టం చేసో ఆర్డినెన్స్ తెచ్చో ఆ జీవోని బతికించండి అని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం.

చెల్లిని ఊళ్ళో చదువుకున్న అమ్మాయిలు ఎవరున్నారో అడిగి పరిచయం చేసుకోమను, చిన్నపిల్లలకి పాఠం వాళ్ళ భాషలో చెప్పడానికి సాయం చేస్తారు. జాయినింగ్ ఎప్పుడో, ఊరి పేరేంటో నాకు మెసేజ్‌లో పెట్టు. మా మేనమామ జోలాపుట్ వైపు ఉంటాడు, మీ నాన్నగారు చూడ్డానికి వచ్చిన రోజు ఆయన్ని బస్టాండ్‌కి పంపిస్తాను, ఊరు మొత్తం తిప్పి చూపిస్తాడు.