అమ్మకి ఇంట్లో షుగర్ 178, ల్యాబ్‌లో 141, వాచీలో 112. ఏది నమ్మాలి?

ప్రశ్న: తణుకు అమ్మాయి

నమస్కారం అండి. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నేను ఉద్యోగరీత్యా కూకట్‌పల్లిలో ఉంటున్నాను. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంటోంది. 63 ఏళ్లు. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటుంది.

రోజూ ఆరున్నరకి ఫోన్ చేస్తాను. అమ్మ వేలు గుచ్చుకుని, మిషనులో వచ్చిన నంబరు చదివి చెబుతుంది. అది వినేదాకా నాకు టీ కూడా దిగదు. ఏడాదిగా పరగడుపున 125, 130 మధ్య ఉండేది. మూడు నెలల నుంచి 165, 170, 180 అంటోంది. తిండి మారలేదు, మందులు మారలేదు.

పోయిన మంగళవారం మిషనులో 178 వచ్చింది. అదే పొద్దున ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. సాయంత్రం రిపోర్టులో 141 ఉంది. "మిషను పాడైంది, నాకేం లేదు" అని అమ్మ తేల్చేసింది. ఇది చాలదన్నట్టు డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఆన్‌లైన్‌లో ఒక వాచీ కొని పంపాడు. సూది గుచ్చకుండా షుగర్ చెబుతుందట. అందులో 112 చూపించింది. అమ్మ ఇప్పుడు వాచీనే నమ్ముతానంటోంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు. నాలుగు నెలల కిందట పక్కింటి పిన్ని సంతలో ఒకాయన దగ్గర మోకాళ్ల నొప్పులకి పొడి తెచ్చి ఇచ్చింది. రెండు పూటలా చెంచాడు గోరువెచ్చని నీళ్లలో. వారంలో నొప్పి పోయింది. గుమ్మం దిగడానికే గోడ పట్టుకునే మనిషి డాబా ఎక్కి వడియాలు పెడుతోంది. ముఖం నిండుగా అయింది, ఆకలి బాగుందంటోంది. అందరూ "మీ అమ్మకి నిగారింపు వచ్చిందే" అంటున్నారు.

బీపీకి మణికట్టుకి కట్టుకునే మిషను ఉంది. అది 150 పైన చూపిస్తోంది. ఏ మిషను కొనాలో, ఏది పారేయాలో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ల్యాబ్ టెక్నీషియన్ (రిటైర్డ్), గుంటూరు

అమ్మా, నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేశాను. కొత్త మిషను కొనే ముందు నాలుగు సంగతులు చెప్పు. మీ అమ్మగారి హిమోగ్లోబిన్ ఎంత? స్ట్రిప్పులు ఎక్కడ పెడతారు? గుచ్చుకునే ముందు చేతులు సబ్బుతో కడుగుతారా? ల్యాబ్ అబ్బాయి రక్తం ఏ రంగు మూత ట్యూబులో తీశాడు, ఎంతసేపటికి ల్యాబ్‌కి చేర్చాడు?

మిషనుకీ ల్యాబ్‌కీ కొంత తేడా ఉండటం తప్పు కాదు. ఐఎస్ఓ 15197 అని ఒక ప్రమాణం ఉంది, 2013 నాటిది. ల్యాబ్‌లో 100, ఆ పైన వచ్చినప్పుడు మిషను 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 100 లోపు అయితే 15 పాయింట్లు. అదీ నూటికి 95 సార్లు ఆ హద్దులో ఉండాలి. మీ లెక్కలో 141కి 120 నుంచి 162 దాకా అయితే నేను పట్టించుకోను. 178 అంటే హద్దు దాటింది. ఎందుకు దాటిందో చూడాలి.

తణుకు అమ్మాయి

మాస్టారూ, అమ్మని అడిగి రాస్తున్నాను. అదే రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.6 ఉంది. నేను షుగరే చూసుకుని దాన్ని వదిలేశాను. స్ట్రిప్పులు ఫ్రిజ్ తలుపులో పెడుతుంది, "మందులు కదా, చల్లగా ఉండాలి" అని. రెండు డబ్బాల్లో మిగిలినవి ఒక ప్లాస్టిక్ డబ్బాలో కలిపేసింది. పొద్దున్నే స్నానం, పూజ అయ్యాక గుచ్చుకుంటుంది. నైవేద్యానికి అరటిపండు ఒలిచేది కూడా ఆ చేత్తోనే. ట్యూబు మూత బూడిద రంగట. ఏడింటికి తీసుకుని ఇంకో ఐదారు ఇళ్లు తిరిగి పదకొండుకి ల్యాబ్‌కి వెళ్లానని ఆ అబ్బాయి చెప్పాడు.

ల్యాబ్ టెక్నీషియన్ (రిటైర్డ్), గుంటూరు

చాలా వరకు ఇక్కడే దొరికింది.

రక్తంలో ఎర్రకణాలు తగ్గితే చాలా మిషన్లు షుగర్‌ని ఎక్కువ చేసి చూపిస్తాయి. రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పేది హెమటోక్రిట్. హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే అది సుమారుగా వస్తుంది. మీ అమ్మగారికి 26 అనుకో. స్ట్రిప్పుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం ఉంటుంది, ఎవరూ చదవరు. దాంట్లో ఈ మిషను ఏ హెమటోక్రిట్ మధ్య సరిగ్గా పనిచేస్తుందో రాసి ఉంటుంది. కొన్నింటికి 30 నుంచి 55. అలాంటిదైతే మీ అమ్మగారి రక్తం దాని పరిధిలోనే లేదు. కొత్తది కొంటే పెట్టె మీది రంగులు చూడకు, ఆ కాగితంలో 20 దగ్గర మొదలయ్యేది చూసి తీసుకో. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఐరన్ లోపం ఉంటే ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని మందు పెంచకూడదు.

స్ట్రిప్పులకి తేమ తగలకూడదు. వాటి సొంత డబ్బాలో తేమ పీల్చుకునే పదార్థం ఉంటుంది, అందుకే వేరే డబ్బాలోకి మార్చకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసి మన కోస్తా గాలికి తెరిస్తే మంచు పట్టినట్టు చెమ్మ చేరుతుంది. గదిలోనే, వంట పొయ్యికి దూరంగా ఉంచండి. డబ్బా తెరిచిన తేదీ పెన్నుతో మూత మీద రాయండి. కొన్నిటికి తెరిచాక మూడు నెలలే గడువు. రెండు డబ్బాలవి కలిపేశారు కాబట్టి ఇప్పుడున్నవి అన్నీ తీసేయండి. ఖరీదైనవని తెలుసు, అయినా తీసేయండి.

అరటిపండు తీపి వేలి మీద ఉంటే ఆ తీపినే మిషను చదువుతుంది. చెయ్యి కడిగి, పొడిగా తుడుచుకుని, వేలి పక్క భాగంలో గుచ్చి, పిండకుండా వచ్చిన చుక్క పెట్టాలి. పూజకి ముందే చూసుకోమనండి.

ఇక ల్యాబ్ సంగతి. రక్తం ట్యూబులో ఉన్నా కణాలు షుగర్‌ని తింటూనే ఉంటాయి. బూడిద రంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ వేసేది దాన్ని ఆపడానికే, కానీ అది పూర్తిగా పనిచేయడానికి గంటకు పైనే పడుతుంది. నాలుగు గంటలు ఎండలో బండి మీద తిరిగిన రక్తంలో 141 వచ్చిందంటే అసలుది ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. అంటే మిషను పైకి, ల్యాబ్ కిందికి. ఒకసారి మిషను పట్టుకుని ల్యాబ్‌కే వెళ్లండి. వాళ్లు సూదితో రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపు మీరు వేలు గుచ్చి చూడండి, పరగడుపున. అప్పుడే పోలిక.

అమ్మా, ఈ వయసులో 8.6 ఎందుకు అయిందన్నది నాకు 178 కంటే పెద్ద ప్రశ్న.

జవాబు 2: మందుల షాపు, హనుమకొండ

అక్కా, నేను ఫార్మసిస్టుని. నువ్వు మధ్యలో ఇరికించి రాసిన పొడి గురించే నాకు భయం. ఆ పొట్లం మీద ఏముంది? తయారీదారు పేరు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తేదీలు, అందులో ఏమేం కలిపారో ఉందా?

తణుకు అమ్మాయి

ఏమీ లేదు తమ్ముడూ. పాలిథిన్ కవరు, పైన పిన్ను కొట్టి ఉంది. పెన్నుతో "మో.నొ." అని రాసుంది, అంతే.

మందుల షాపు, హనుమకొండ

అక్కా, వారంలో మోకాళ్ల నొప్పి మాయం, ముఖం గుండ్రంగా కావడం, ఆకలి పెరగడం, మూడు నెలలుగా షుగర్ పెరగడం, బీపీ పెరగడం. ఇవన్నీ ఒక్కచోట చూస్తే నాకు ముందు స్టెరాయిడ్ గుర్తొస్తుంది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు చాలా చవక. నూరి పొడిలో కలిపితే ఎవరూ కనిపెట్టలేరు. కొందరు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు కూడా కలుపుతారు. ఇది మన సంతల్లో మాత్రమే జరిగేది కాదు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆర్ట్రి కింగ్ అనే కీళ్ల నొప్పుల మాత్రల మీద హెచ్చరిక ఇచ్చింది. డబ్బా మీద రాయకుండా లోపల డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ పెట్టారు.

ఈ రెండూ కలిస్తే పొట్టలో పుండు పడి రక్తం కారొచ్చు. మాస్టారు అడిగిన 8.6కి జవాబు అక్కడే ఉండొచ్చు. మలం నల్లగా, తారులా వస్తోందా అని అమ్మని అడుగు. సిగ్గుపడి చెప్పదు, నువ్వే గుచ్చి అడగాలి. అలా వస్తుంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కోపం వచ్చి ఆ పొడి కవరు రేపే కాలవలో పడేయకు. నాలుగు నెలలు బయటి నుంచి స్టెరాయిడ్ వెళ్తుంటే ఒంట్లో అడ్రినల్ గ్రంథి తనంతట తాను కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ని తయారుచేసే పని మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అలాగని సాగదీయకూడదు. రేపే ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లు, పొట్లం చేతికి ఇచ్చి నాలుగు నెలల నుంచి వాడుతోందని చెప్పు. ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. మా షాపుకి ఇలాంటి ముఖాలతో వచ్చే పెద్దవాళ్లని నెలకి ఒకరిద్దరిని చూస్తుంటాను. వాళ్ల పిల్లలు ఎక్కడో ఉంటారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

స్టెరాయిడ్ వల్ల పెరిగే షుగర్ పరగడుపున కంటే మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువ కనిపిస్తుంది. మీరు పొద్దున ఒక్కసారే చూస్తున్నారు. భోజనం చేసిన రెండు గంటలకి చూడమను.

పొట్లంలో కొంచెం విడిగా దాచు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వొచ్చు. మందుల వల్ల జరిగిన హాని చెప్పడానికి 1800-180-3024 అనే టోల్ ఫ్రీ నంబరు ఉంది. షుగర్‌ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం. అలాంటి డబ్బా ఎవరు తెచ్చినా అమ్మని ముట్టుకోవద్దను.

జవాబు 3: డల్లాస్ నుంచి

మీ తమ్ముడికి ఇది చూపించండి. గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో చెప్పింది. తనంతట తాను రక్తంలో గ్లూకోజ్ కొలిచే వాచీ దేనికీ అప్పటికి అనుమతి లేదు. చర్మం కింద సన్నని సెన్సర్ పెట్టుకునేవి వేరు. వాటి నంబరు వాచీలో కనిపించొచ్చు, కానీ కొలిచేది సెన్సరే. మా మావయ్యగారికి కూడా ఒకటి కొన్నాను, ప్రేమతోనే. ఇడ్లీలు తిన్నా, తినకపోయినా 108 చూపించింది. 112 చూసి అమ్మగారు మాత్ర మానేస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

జవాబు 4: స్టాఫ్ నర్సు, విజయనగరం

బీపీకి మణికట్టు మిషను పక్కన పెట్టి, భుజానికి కట్టేది తీసుకోండి. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి, దానికి సరిపోయే పట్టీ కొనాలి. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. మోడల్ పేరు స్ట్రైడ్ బీపీ జాబితాలో ఉందేమో చూడండి, పరీక్షించి నెగ్గిన మిషన్లే అందులో పెడతారు. కాఫీ తాగి అరగంట దాటాక, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేల మీద ఉంచి, మాట్లాడకుండా రెండుసార్లు చూడాలి. ఇంట్లో 135/85 దాటుతూ ఉంటే డాక్టర్‌కి చెప్పాలి. ఫోన్‌లో మాట్లాడుతూ చూసుకోవద్దనండి.

తణుకు అమ్మాయి (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ జరిగింది చెబుతున్నాను. ఆ రాత్రే బస్సెక్కి పొద్దున్నే ఊరికి చేరాను. మలం నల్లగా వస్తోందా అని అడిగితే అమ్మ తల దించుకుంది. రెండు నెలల నుంచట. "నీకు చెబితే సెలవు పెట్టుకుని వస్తావని చెప్పలేదు" అంది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టర్ గారు పొట్లం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఎండోస్కోపీలో పుండు కనిపించింది. పొద్దున ఎనిమిదింటికి తీసిన కార్టిసాల్ బాగా తక్కువ వచ్చింది. పొడి ఆపించి, దాని బదులు లెక్క ప్రకారం స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి వారం వారం తగ్గించుకుంటూ రమ్మన్నారు. పుండుకి మందు, ఐరన్ మొదలుపెట్టారు. భోజనం చేశాక చూసిన షుగర్ 268. పొద్దున నంబరే చూసుకుంటూ మేం ఎంత మోసపోయామో అప్పుడు తెలిసింది.

మాస్టారు చెప్పినట్టే హెమటోక్రిట్ 20 నుంచి పనిచేసే మిషను తీసుకుని, ల్యాబ్‌లోనే కూర్చుని పోల్చాం. ల్యాబ్ 156, మిషను 163. స్ట్రిప్పుల డబ్బా మూత మీద తేదీ రాశాను. వాచీ తమ్ముడే టైం చూసుకోవడానికి వాడుకోమన్నాడు.

అమ్మకి మోకాళ్ల నొప్పి మళ్లీ వచ్చింది. నా మీద కోపంగా ఉంది, "హాయిగా తిరిగేదాన్ని" అంటోంది. ఫిజియోథెరపీకి వారానికి రెండు రోజులు పంపడానికి ఆటో మాట్లాడాను.

పక్కింటి పిన్ని కూడా ఆ పొడే వాడుతోంది, అమ్మ కంటే రెండు నెలల ముందు నుంచి. ఆవిడ ముఖం కూడా అలాగే నిండుగా ఉంది. ఆదివారం మళ్లీ ఊరెళ్తున్నాను. పొడి అప్పుడే మానొద్దని, సోమవారం పొద్దున నాతో డాక్టర్ గారి దగ్గరికి రమ్మని చెప్పి ఒప్పించాను.