చెంగ్డూలో రెండు రోజులు: జులై ఎండలో పాండాల కోసం ఆగాలా, వద్దా?

ఫ్రీమాంట్ నాన్న:
జులైలో హైదరాబాద్ వస్తూ దారిలో చెంగ్డూలో రెండు రాత్రులు ఆగేలా టికెట్లు తీశాను. పిల్లలకీ నాకూ అమెరికన్ పాస్‌పోర్టులు. చైనా దాటి మూడో దేశానికి వెళ్తున్నాం కాబట్టి 240 గంటల ట్రాన్సిట్ వెసులుబాటు కింద వీసా అక్కర్లేదు. మా ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టే, తనకి వీసా తీశాం. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఆరు. ఆగుతున్నదే పాండాల కోసం. తీరా ఇప్పుడు ఇంట్లో గొడవ. ఒక రోజంతా పాండాలకే ఇద్దామని నేను. "బోనులో జంతువుని చూడ్డానికి అంత దూరంలో ఆగాలా, వాషింగ్టన్‌లో లేవా?" అని ఆవిడ. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, విలువైన పనేనా?

కూకట్‌పల్లి సంచారి:
కళ్ళు మూసుకుని వెళ్ళండి అన్నా. నేను ఏప్రిల్‌లో వెళ్ళాను. ఊరికి ఉత్తరాన, పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది చెంగ్డూ పాండా బేస్, అంటే పాండాల పెంపక కేంద్రం. మూడో నంబర్ మెట్రోలో పాండా అవెన్యూ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి బస్సు. టికెట్ 55 యువాన్లు, పాస్‌పోర్ట్ నంబర్‌తో ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పొద్దున ఏడున్నరకే గేటు తీస్తారు. ఆ టైమ్‌కి అక్కడుంటే వెదురు తింటూ, చెట్లెక్కుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపిస్తాయి. పదిన్నర దాటితే తిండి అయిపోయి పడుకుంటాయి. పదకొండింటికి టూర్ బస్సుల్లో దిగేవాళ్ళు చూసేది నిద్రపోతున్న దిండ్లని. హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ ఆశ వదులుకోండి, అంతే.

తెనాలి బాటసారి:
ఏప్రిల్ అనుభవం జులైకి పనికిరాదు బ్రో. నేను వెళ్ళింది ఆగస్టు మొదటివారం. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు దాటితే పాండాలని బయటికి వదలరు, ఏసీ గదుల్లోనే ఉంచుతారు. చెంగ్డూ ఎండాకాలంలో 26 అంటే పొద్దుటి పూటే దాటిపోతుంది. పైగా చైనాలో బడి సెలవులు. అద్దం అవతల ఒక పాండా వీపు, అద్దం ఇవతల నాలుగు వరసల ఫోన్లు. మా వాడు భుజాల మీద కూర్చుని "నాన్నా, ఆ అంకుల్ ఫోన్‌లో పాండా కనిపిస్తోంది" అన్నాడు. అంతదూరం వెళ్ళి వాడు చూసింది అది.

ఇక హువా హువా అనే పాండా సంగతి. 2020లో పుట్టిన ఆడపిల్ల, గుండ్రంగా, పొట్టి కాళ్ళతో, నెమ్మదిగా నడుస్తుంది. ఇంటర్నెట్‌లో సినిమా హీరోయిన్‌ని మించిన పేరు. దాని క్యూ వేరు. గంటలు నిలబడితే మూడు నిమిషాలు చూడనిచ్చి పంపించేస్తారు.

కూకట్‌పల్లి సంచారి:
మూడు నిమిషాలా! తిరుమలలో అర సెకను కూడా నిలబడనివ్వరు. ఇంకేం కావాలి నీకు?

తెనాలి బాటసారి:
అక్కడ కనీసం లడ్డూ ఇస్తారు.

సింగపూర్ సుబ్బు:
ఎండ, క్యూ ఇవన్నీ వద్దనుకుంటే సింగపూర్ మీదుగా రండి. అక్కడి రివర్ వండర్స్ జూలో కై కై, జియా జియా అనే పాండాలు 2012 నుంచి ఉన్నాయి. చల్లటి గది, తీరిగ్గా చూడొచ్చు. అయినా కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉండి వాషింగ్టన్ మాట ఎందుకండీ? శాన్ డియేగోలో 2024 నుంచి యున్ చువాన్, షిన్ బావ్ ఉన్నాయి, మీకు కారులో ఒక రోజు ప్రయాణం.

అడవి దారి:
ఎండ గురించి, క్యూ గురించి మాట్లాడుతున్నారు గానీ ఆవిడ అడిగిన ప్రశ్నని ఎవరూ ముట్టుకోలేదు. బోనులో జంతువుని చూడ్డానికి ఆగాలా? నా మాట: వద్దు.

"సంరక్షణ కోసం టికెట్ కొంటున్నాం" అని మనసుకి సర్దిచెప్పుకుంటాం. లెక్క చూడండి. అడవి పాండాలు 2004లో బయటపెట్టిన మూడో గణనలో 1,596. 2015లో బయటపెట్టిన నాలుగో గణనలో 1,864. 2016లో అంతర్జాతీయ జాబితాలో వాటిని 'అంతరించే ప్రమాదం' స్థాయి నుంచి ఒక మెట్టు దించారు. ఎలా జరిగింది ఇది? 1998 యాంగ్‌చీ వరదల తర్వాత సహజ అడవుల్లో చెట్లు నరకడం ఆపేశారు. కొండవాలు పొలాలని మళ్ళీ అడవి చేశారు. రిజర్వులు పెంచారు. 2021లో సిచువాన్, షాన్షీ, గాన్సు రాష్ట్రాల్లో ఇరవై వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు జాతీయ పార్కు పెట్టారు. అంటే పాండాని నిలబెట్టింది అడవి. మరి మనుషుల చేతుల్లో పెరుగుతున్న పాండాలు ఏడువందలు దాటాయి, వాటిలో అడవికి వెళ్ళినవి పట్టుమని పదో పన్నెండో. మిగిలినవి దేనికి? ప్రదర్శనకి, విదేశాలకి అద్దెకి. అమెరికా జూలు ఒక్కో జంటకి ఏటా పది లక్షల డాలర్ల దాకా కట్టేవి. పిల్లల్ని పుట్టించడానికి మత్తిచ్చి కృత్రిమ గర్భధారణ చేస్తారు. దాన్ని ముద్దుగా ఉందని చూసొస్తాం.

పశువుల డాక్టరు:
అడవి దారి గారూ, లెక్కలు సరైనవే. ఒక్క ముక్క వదిలేశారు. చెంగ్డూ బేస్ 1987లో మొదలైంది ఆరు పాండాలతో. అవి ప్రదర్శనకి పట్టుకొచ్చినవి కావు, అడవిలో చావుకి దగ్గరైతే కాపాడి తెచ్చినవి. ఎనభైల్లో అక్కడి కొండల్లో చాలా వెదురు ఒకేసారి పూసింది. వెదురు పూస్తే ఎండిపోతుంది, మళ్ళీ తోపు లేవడానికి ఏళ్ళు పడుతుంది. వెదురు పూస్తే కరువని మన పెద్దవాళ్ళూ అంటారు కదా, పాండాకి అది అక్షరాలా కరువు. రోజుకి 12 నుంచి 38 కిలోల దాకా తింటుంది. పేగులేమో మాంసాహారివి, తిన్నదాంట్లో ఐదో వంతు కూడా ఒంటికి పట్టదు. పూర్వం ఈ కొండ ఎండితే ఆ కొండకి పోయేది. మధ్యలో రోడ్లూ పొలాలూ వచ్చాక ఎక్కడికి పోతుంది?

ఆడ పాండా ఏడాదికి ఒక్కసారి, ఒకటి నుంచి మూడు రోజులు మాత్రమే ఎదకొస్తుంది. కవలలు పుడితే తల్లి ఒకదాన్నే సాకి రెండోదాన్ని వదిలేస్తుంది. పిల్ల బరువు వంద గ్రాములు, తల్లి బరువులో దాదాపు తొమ్మిదివందో వంతు. కేంద్రాల్లో ఏం చేస్తారంటే, ఒక పిల్ల తల్లి దగ్గరుంటే రెండోది ఇంక్యుబేటర్‌లో. కొన్ని గంటలకోసారి తల్లికి తెలియకుండా మార్చేస్తారు. రెండూ బతుకుతాయి. పాతికేళ్ళ నుంచి గేదెల కాన్పులు చేస్తున్నవాణ్ణి, ఆ ఓపికకి మాత్రం దండం పెడతాను. ఈ విద్య ఒక్కరోజులో వచ్చేది కాదు. రేపు అడవిలో మళ్ళీ అలాంటి కరువు వస్తే అప్పుడు మొదలెడితే లాభం లేదు.

అడవి దారి:
డాక్టరుగారూ, ఆ ఆరింటి మీద నాకు పేచీ లేదు. ఏడువందలు ఎందుకన్నదే నా ప్రశ్న. వదలడం ఎంత కష్టమో మీకే బాగా తెలుసు. 2006లో షియాంగ్ షియాంగ్ అనే మగ పాండాని వదిలారు, ఏడాది తిరక్కుండా అడవి పాండాలతో కొట్లాటలో దెబ్బలు తిని చచ్చిపోయింది. తర్వాత పద్ధతి మార్చి, పిల్లని తల్లి దగ్గరే అడవి ఆవరణలో పెంచి, చూసుకునేవాళ్ళు పాండా వేషాలేసుకుని దగ్గరికి వెళ్ళి, 2012లో తావ్ తావ్‌ని వదిలారు. అది బతికింది. ఈ పని చేసింది వొలొంగ్ కేంద్రం వాళ్ళు, చెంగ్డూ బేస్ కాదు. రెండూ వేరువేరు సంస్థలు. టూరిస్టులకి ఈ తేడా తెలీదు.

పశువుల డాక్టరు:
అది ఒప్పుకుంటాను. ఏడువందల మాటకి నా దగ్గరా జవాబు లేదు. కొంత నిల్వ ఉండాలంటాను, ఎంతన్నది నేను చెప్పలేను. మీరు అడిగినట్టు పెంచి అడవికి వదలడమే చూడాలంటే మన దేశంలోనే ఉంది. డార్జిలింగ్‌లో పద్మజా నాయుడు జూ, మన హైదరాబాద్ సరోజినీ నాయుడు గారి అమ్మాయి పేరు మీదున్నదే, ఎర్ర పాండాలని (ఇవి వేరే జంతువులు లెండి) పుట్టించి సింగలీలా అడవుల్లో వదులుతోంది. చెంగ్డూ బేస్‌లోనూ ఎర్ర పాండాలు ఉంటాయి. నల్ల తెల్లవాటి కోసం తోసుకునే జనం వాటి వైపు చూడరు.

ఫ్రీమాంట్ నాన్న గారి ఆవిడ:
నా పేరు మీద ఇంత చర్చ జరుగుతోందని ఇప్పుడే తెలిసింది. నేను అన్నది సగమే రాశారు ఆయన. పాండాలు వద్దని కాదండీ, రెండు రోజుల్లో ఒక రోజు పూర్తిగా వాటికే వద్దన్నాను. మాది రాజమండ్రి, నాన్న ఇరిగేషన్‌లో ఇంజనీరు. నాకు చూడాలనున్నది దుజియాంగ్‌యాన్, ఒక పాతకాలపు నీటిపారుదల కట్టడం. క్రీస్తుకి పూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి అడ్డుకట్ట లేకుండా, నది మధ్యలో చేప మూతి ఆకారంలో గట్టు పోసి మిన్ నదిని రెండుగా చీల్చాడు. కొండని తొలిచి ఒక పాయని పొలాలకి మళ్ళించాడు. చెంగ్డూ మైదానానికి ఇప్పటికీ ఆ నీళ్ళే. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటిది, దానికే మేం అంత మురిసిపోతాం.

చెంగ్డూ నుంచి రైల్లో అరగంట. అదే ఊరి పక్కన వొలొంగ్ కేంద్రం వాళ్ళదే ఒక పాండా కేంద్రం ఉందట, జబ్బు చేసినవి, ముసలివి, విదేశాల నుంచి తిరిగొచ్చినవి అక్కడుంటాయట. జనం తక్కువని చదివాను. అలాగైతే నాకు అభ్యంతరం లేదు.

కూకట్‌పల్లి సంచారి:
మేడమ్ చెప్పిందే కరెక్టు, నేను పార్టీ మారుతున్నా. ఒక్క హెచ్చరిక. హాట్‌పాట్ (మరిగే రసంలో ముంచుకు తినే అక్కడి వంటకం) అంటే మన కారం ముందు ఎంత అనుకోకండి. కారం సంగతి తర్వాత, ఆ ఎర్ర రసం చాలాచోట్ల గొడ్డు కొవ్వుతోనే కాస్తారు. తిననివాళ్ళు ముందే అడగాలి. హువాజియావ్ మిరియం నాలుకని మొద్దుబారుస్తుంది, పిల్లలకి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టుంటుంది. వెన్‌షూ ఆలయంలో శాకాహార భోజనం దొరుకుతుంది. డబ్బు కట్టడానికి అలీపే యాప్ ఫోన్‌లో పెట్టుకోండి, గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోకండి.

అడవి దారి:
దుజియాంగ్‌యాన్ అయితే నా వ్యతిరేకత సగానికి తగ్గింది. సగమే.

ఫ్రీమాంట్ నాన్న:
తీర్పు వచ్చింది, మా ఇంట్లో పెద్ద కోర్టు నుంచే. మొదటి రోజు దుజియాంగ్‌యాన్: పొద్దున్నే పాండాలు, తర్వాత నది. రెండో రోజు పీపుల్స్ పార్కులో టీ కొట్టు. చెంగ్డూ బేస్‌కి, హువా హువాకి సెలవు. బాబు ఇంకా ఒప్పుకోలేదు, హువా హువా వీడియోలు రోజూ చూస్తాడు.

డాక్టరుగారు రాసిన వంద గ్రాముల మాట పాపకి చదివి వినిపించాను. ఫ్రిజ్ తీసి బటర్ స్టిక్ పట్టుకొచ్చింది, దాని మీద 113 గ్రాములని ఉంది. అరచేతిలో పెట్టుకుని, "ఇంతకన్నా చిన్నదా?" అని అడిగింది. తర్వాత అది కరిగేదాకా కింద పెట్టలేదు. కార్పెట్ ఎలా శుభ్రం చేయాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

తెనాలి బాటసారి:
ముందు మొక్కజొన్న పిండి చల్లి అరగంట వదిలేయండి. జులైలో గొడుగు మర్చిపోకండి.